గ్రామరు కడుపున పుట్టిన గ్లామరు

తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. అక్షరాలు ముత్యాల్లా వున్నాయి గానీ విషయం మాత్రం పచ్చిమిరపకాయ. "ఏమండీ, సినిమా పత్రికలో మీరు రాసేదేమిటి? ఫలానా మాట ఎక్కడ పుట్టింది, ఫలానా గడిలో ఏ అక్షరం వెయ్యాలి - ఇవా మాకు కావలసింది? గ్రామరు క్లాసులో కూర్చున్నట్టుంది. కాస్త గ్లామరున్న సంగతులు రాయరాదూ?" అని. కింద సంతకం. సంతకం కింద "కోపమేమీ లేదు లెండి" అని ఓ ముక్క.

చూడమ్మా చెల్లాయ్, గ్రామరొద్దు గ్లామరు కావాలంటే కుదిరే పని కాదు. ఆ రెండూ వేరు వేరు సరుకులనుకుంటున్నావు గానీ, సాక్షాత్తూ గ్రామరు కడుపున పుట్టిందే గ్లామరు!

నేను చమత్కారానికి అనడం లేదు. పూర్వం యూరప్‌లో చదువంటే లాటిన్ చదువే. లాటిన్ చదవడమంటే ముందు వ్యాకరణం బట్టీయం వెయ్యడం. అది వచ్చినవాడు ఊరికొకడు కూడా వుండేవాడు కాదు. ఆ ఒక్కడూ పుస్తకం ముందేసుకుని పెదాలు కదుపుతుంటే పామర జనం "అమ్మో, మంత్రాలు చదువుతున్నాడు" అనుకునేవారు. అలా 'గ్రామర్' అన్న మాటకి మంత్రవిద్య అనే అర్థం కూడా అంటుకుంది. స్కాట్లండు వాళ్ళ నాలిక మీద పడేసరికి అందులో 'ర' కాస్తా 'ల' అయి కూర్చుంది. గ్లామర్ అంటే వాళ్ళ లెక్కలో మంత్రం వేసి లేనిది వున్నట్టు చూపించడం. సర్ వాల్టర్ స్కాట్ తన రచనల్లో వాడి దాన్ని నలుగురి నోటా పడేట్టు చేశాడు. తర్వాతెప్పుడో హాలీవుడ్ వాళ్ళు తీసుకెళ్ళి తారల మొహాలకి పూశారు.

మన భాషలో 'కనికట్టు' అని వుంది చూశారూ, కన్నుకి కట్టే కట్టు, ఆ గ్లామరుకి అచ్చంగా సరిపోయే మాట అదే. నన్నడిగితే ఏ వేదిక మీదైనా 'గ్లామరస్ హీరోయిన్' అనడానికి బదులు 'కనికట్టు నాయిక' అనమంటాను. ఎవరూ అనరు, నాకు తెలుసు. ఇంతకీ అసలర్థం పట్టుకుంటే గ్లామరున్న తార అంటే వ్యాకరణం తెలిసిన తార అని చెప్పుకోవాలి. అలాంటివాళ్ళు ఎంతమంది వున్నారో మాత్రం నన్నడక్కండి.

సరే, గ్లామరు అయింది గనక విలన్ దగ్గరికి వద్దాం. హైదరాబాదు శివార్లలో కోట్లు పోసి కొనుక్కునే విల్లాలున్నాయే, ఆ 'విల్లా' అనే లాటిన్ మాటే విలన్‌కి పుట్టిల్లు. విల్లా అంటే అప్పట్లో పొలాల మధ్య దొరగారి ఇల్లూ, ఆ పొలమూ, పుట్రా అన్నీ. అందులో కట్టుబడి పనిచేసే పాలేరుని 'విల్లానుస్' అనేవారు. అంటే విలన్ అసలు ఎవరూ? మట్టి పిసుక్కునే రైతుకూలీ! మరి దుర్మార్గుడెలా అయ్యాడంటారా? మాటలకి అర్థాలు నిర్ణయించే పెన్ను దొరగారి చేతిలో వుంది కదండీ. పల్లెటూరివాడు గనక మోటువాడు, మోటువాడు గనక నీచుడు, నీచుడు గనక దుర్మార్గుడు - ఇలా మెట్టు మెట్టే దించి నాటకాల్లో మీసం తిప్పే పాత్రకి ఆ పేరు తగిలించారు.

ఇక్కడ మన తెలుగు సినిమా చేసిన ఒక మంచి పని చెప్పుకోవాలి. 1955లో వచ్చిన 'రోజులు మారాయి' చూడండి. అక్కినేని నాగేశ్వరరావు రైతు, హీరో. భూస్వామి విలన్. వెయ్యేళ్ళపాటు దొర మాటే చెల్లి విలన్ అని పిలిపించుకున్న కూలివాడు మన తెర మీద హీరో అయి కూర్చున్నాడు. ఆ పేరు మాత్రం తిరిగి దొరగారికే అంటగట్టారు. ఆ సినిమా తీసినవాళ్ళు లాటిన్ నిఘంటువు తిరగేసి తీశారని కాదు. అయినా లెక్క ఎంత బాగా సరిపోయిందో చూడండి.

ట్రైలర్ అంటే వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. మొదట్లో వాటిని సినిమా అయిపోయాక వేసేవారు, అందుకని ఆ పేరు. ఇప్పుడు సినిమాకి నెల ముందే వస్తుంది, పేరు మాత్రం వెనకే వుండిపోయింది. ఫిల్మ్ అంటే పాత ఇంగ్లీషులో పలచటి పొర, చర్మం. డబ్బింగ్ అంటే డబుల్ చెయ్యడం, నోరు కత్తిరిస్తే 'డబ్' మిగిలింది. దీని సంగతి మళ్ళీ చెబుతాను, గుర్తుంచుకోండి.

ఇలా తవ్వడం మొదలెడితే మనం మాట్నీకి వెళ్ళొచ్చే దారిలోనే ప్రపంచయాత్ర అయిపోతుంది. ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటారా? ఇస్త్రీ పోర్చుగీసు, సాగదీయడం అని దానికి అర్థం. చొక్కా తీసింది అలమారలోంచి, పెట్టుకున్నది బొత్తాం; రెండూ పోర్చుగీసు ఓడల్లో దిగినవే. జేబు అరబ్బీ. జేబులో పెట్టుకున్న రుమాలు పారసీకం. 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. హాలు దగ్గర క్యూ. క్యూ అంటే ఫ్రెంచిలో తోక! టిక్కెట్టుకీ ఎటికెట్టుకీ తల్లి ఒకటే, అదీ ఫ్రెంచే. తోక మధ్యలో దూరేవాడికి టిక్కెట్టు దొరుకుతుంది గానీ ఎటికెట్టు వుండదని అందుకే అంటాను. లోపలికెళ్ళి కూలబడే కుర్చీ అరబ్బీ. ఇంటర్వెల్లో కొరికే సమోసా పారసీకం. మీద తాగేది మాత్రం చైనా నుంచి వచ్చింది. సముద్రం మీద ఓడలెక్కి వచ్చినప్పుడు 'టీ' అయింది, నేలదారిన వచ్చినప్పుడు 'చాయ్' అయింది. విజయవాడలో టీ, హైదరాబాదులో చాయ్. ఒకే ఆకు, రెండు దారులు.

"మరి మనం ఎవరికీ ఏమీ ఇవ్వలేదా?" అని రోషం వస్తోందా? ఇచ్చాం. పందికొక్కుని ఇచ్చాం! ఇంగ్లీషులో 'బాండికూట్' మన పందికొక్కే. అది ఆస్ట్రేలియా దాకా వెళ్ళి అక్కడ ఏమాత్రం సంబంధం లేని ఇంకో జంతువుకి పేరైపోయింది. ఇచ్చిన దానం గొప్పదా కాదా అని ఆలోచించకండి, ఇచ్చాం అంతే.

మాటల పుట్టుక మీద నాకింత యావ ఎందుకంటే అది నా కూటివిద్యలో భాగం. పత్రికలకి ముక్కలు రాసుకు బతికే నాబోటివాడు అడపాదడపా గళ్ళనుడికట్టు కూడా కడుతూ వుంటాడు. దానికిచ్చే పారితోషికం టీలకి సరిపోతుంది. సమోసా మన జేబులోంచే. దాంట్లో 'ఆధారాలు' అని ఇస్తాం కదా, ఇంగ్లీషులో 'క్లూ'. డిటెక్టివ్ సినిమాల్లో ఇన్‌స్పెక్టరు గారు కిందపడ్డ బొత్తాం ఎత్తి పట్టుకుని "క్లూ దొరికింది" అంటాడే, ఆ క్లూ అసలు ఒక దారపుండ. గ్రీకుల కథలో థీసియస్ అనే వీరుడు రాక్షసుణ్ణి చంపడానికి చిక్కుదారుల కోటలోకి వెళతాడు. వెళ్ళినవాడు తిరిగి రావాలిగా? అరియాడ్నీ అనే రాజకుమారి చేతికి దారపుండ ఇచ్చి, విప్పుకుంటూ వెళ్ళు, చుట్టుకుంటూ రా అంటుంది. ఆ దారపుండని ఇంగ్లీషులో 'క్లూ' అనేవారు. చిక్కులోంచి బయట పడేసేది ఏదైనా తర్వాత క్లూ అయింది.

గళ్ళనుడికట్టుకి పుట్టినరోజు కూడా వుంది: 1913 డిసెంబరు 21. 'న్యూయార్క్ వరల్డ్' అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన, లివర్‌పూల్ నుంచి అమెరికా వెళ్ళినవాడు, ఆదివారం పేజీ నింపడానికి వజ్రం ఆకారంలో గళ్ళు గీశాడు. పేరు 'వర్డ్-క్రాస్'. కొద్ది వారాలకి అచ్చులో మాటలు అటూ ఇటూ అయి 'క్రాస్-వర్డ్' అని పడింది. అదే ఖాయమైంది. అచ్చుతప్పు నూరేళ్ళకు పైగా బతికి బట్టకట్టిన సందర్భం ఇంకోటి వుంటే చెప్పండి, మా కంపోజింగువాళ్ళకి ధైర్యంగా వుంటుంది. న్యూయార్క్ టైమ్స్ అయితే ఇదంతా వృథా కాలక్షేపమని ముక్కు విరిచి, చివరికి 1942లో తనూ మొదలెట్టింది.

అదే 1942లో లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ వాళ్ళు పన్నెండు నిమిషాల్లో పజిలు నింపే పోటీ పెడితే, బాగా చేసినవాళ్ళలో కొందరికి యుద్ధశాఖ నుంచి కబురొచ్చింది. శత్రువు రహస్యలిపి విప్పే పనికి! 2014లో వచ్చిన 'ది ఇమిటేషన్ గేమ్' చూసినవాళ్ళకి గళ్ళ పరీక్ష పెట్టే ఘట్టం గుర్తుండే వుంటుంది. ఇంకో కథ దీనికి తాత. 1944 మేలో అదే పత్రిక పజిళ్ళలో ఉటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బరీ అని వరసగా జవాబులొచ్చాయి. జూన్ 1న నెప్ట్యూన్. ఇవన్నీ జూన్ 6న ఫ్రాన్సు తీరంలో దిగబోయే సైన్యాల గుప్తనామాలు. గూఢచారి శాఖవాళ్ళు పరుగున వెళ్ళి పజిలు కట్టినాయన్ని పట్టుకున్నారు. తీరా చూస్తే లియొనార్డ్ డా అనే బడిపంతులు. ఎన్ని ప్రశ్నలడిగినా ఆయన దగ్గర నేరం ఏమీ దొరకలేదు. దీనికి మన దగ్గర ఎవరూ సినిమా తియ్యలేదేమని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇంగ్లీషు గళ్ళకీ మన గళ్ళకీ ఒక పెద్ద తేడా వుంది. వాళ్ళ గడిలో ఒక అక్షరమంటే ఒక్క గీత. మన గడి అలా కాదు. 'స్త్రీ' అని రాయాలంటే ఇంగ్లీషువాడికి అయిదు గళ్ళు కావాలి. మనకి ఒకటి చాలు. సకారం, దాని కింద తకారం, పక్కన రేఫ, నెత్తిన దీర్ఘం - ఒకే గదిలో ఉమ్మడి కుటుంబంలా సర్దుకుంటాయి. ఫోనులో ఇదే 'స్త్రీ' టైపు చేసి చూడండి. లోపల కంప్యూటరు దాన్ని ఆరు సంకేతాలుగా లెక్కపెడుతుంది. మూడో తరగతి పిల్లకి ఒకటి, యంత్రానికి ఆరు. తెలుగు గళ్ళు కట్టే ప్రోగ్రాము రాయబోయిన కుర్రాళ్ళు మొదటి రోజే తల పట్టుకునేది ఇక్కడే.

దీనివల్ల సుఖమూ వుంది, కష్టమూ వుంది. వాళ్ళకి ఇరవయ్యారే అక్షరాలు గనక అడ్డం నిలువూ ఎక్కడ కలిసినా ఏదో ఒకటి అతుకుతుంది. మనకో? ఒక్క క గుణింతమే డజను దాటుతుంది. దానికి ఒత్తులు. అడ్డంలో 'కి' వుండి నిలువులో 'కీ' వస్తే ఇక అంతే సంగతులు, ఆ పూట కట్టింది మొత్తం విప్పుకోవాలి. 'కిటికీ' అన్న మాట చూడండి. ఎటునుంచి చదివినా ఒకటేనని చాలామంది పందెం కాస్తారు. తిరగేస్తే వచ్చేది 'కీటికి'! కిటికీకి తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది.

సుఖం మాటకొస్తే, మాటల్ని తిరగేసినప్పుడు మన అక్షరాలిచ్చే ఆనందం ఇంగ్లీషులో లేదని నా వాదన. నాకు బాగా నచ్చిన ఆధారం ఒకటి చెబుతాను, నేనే కట్టాను గనక నచ్చింది: 'బోర్లాపడ్డ సినిమాలోంచి లేచొచ్చిన పాతకాలపు మనిషి (3)'. సినిమాని వెనకనుంచి చదవండి. మా-ని-సి. మానిసి అంటే మనిషే, పాత తెలుగులో. ఎన్ని సినిమాలు బోర్లాపడ్డా లోపల ఒక మనిషి వుంటాడన్నమాట, ఎక్కువగా నిర్మాత.

ఈ గళ్ళ విద్యకి మన సినిమాకీ చుట్టరికం లేదనుకునేరు. తెలుగులో 'పదబంధ ప్రహేళిక' పేరుతో పజిళ్ళు కట్టినవాడు శ్రీశ్రీ. 'గళ్ళనుడికట్టు' పేరుతో కట్టినవాడు ఆరుద్ర. ఇద్దరూ విశాఖపట్నంలో పుట్టినవాళ్ళే, ఇద్దరూ సినిమాకవులే. 'అల్లూరి సీతారామరాజు' (1974) పాటకి జాతీయ బహుమతి తెచ్చినాయన ఒకరు, 'ఆంధ్రకేసరి' (1983)లో గోదావరి పాట రాసినాయన ఇంకొకరు. అంత పెద్ద కవులు గళ్ళు గీసుకు కూర్చోవడమేమిటని మూతి ముడిచినవాళ్ళు అప్పుడూ వుండే వుంటారు. నాకు మాత్రం అందులో వింతేమీ కనపడదు. సినిమా పాట కంటే పెద్ద గళ్ళనుడికట్టు ఇంకేముంది?

ట్యూను ముందొస్తుంది. "తననా తానన" అని సంగీత దర్శకుడు హార్మోనియం మీద గళ్ళు గీసి ఇస్తాడు. ఇక్కడ పొట్టి, ఇక్కడ పొడుగు, ఇక్కడ విరామం. అందులో అక్షరాలు కుదరాలి. కుదిరితే చాలదు, అర్థం వుండాలి. అర్థముంటే చాలదు, ఊటీ కొండమీద హీరోయిన్ని చూసి హీరో అనగలిగేట్టు వుండాలి. అడ్డం, నిలువు, మూలగా మూడూ కలవాలి.

డబ్బింగయితే ఇంకా ఘోరం. 1950లో హిందీ 'నీరా ఔర్ నందా'ని 'ఆహుతి' పేరుతో తెలుగు చేసినప్పుడు మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీయే. తెలుగులో డబ్బింగుకి అదే తొలి మెట్టు. డబ్బింగులో గళ్ళు ఎవరు గీస్తారో తెలుసా? అవతలి నటుడి పెదాలు! ప, ఫ, బ, భ, మ - ఈ అక్షరాలు పలికితే పెదాలు మూతపడి తీరాలి. అక్కడ హిందీ హీరో క్లోజప్‌లో "దిల్" అన్నాడనుకోండి. "మనసు" అని రాశారా, చచ్చారే! బొమ్మ నోరు తెరిచే వుంటుంది, మాట మూసుకుంటుంది. "హృదయం" అంటే చివర్లో సున్న మూసుకుంటుంది. మిగిలింది 'ఎద', 'గుండె'. ఈ రెంటికీ పెదాలు కలవక్కర్లేదు. "ప్యార్" అన్నప్పుడు పెదాలు ఒకసారే కలుస్తాయి. మన "ప్రేమ"కి రెండుసార్లు కలవాలి. చిన్న చిక్కులా కనపడుతుంది గానీ తెర మీద పెదవి పదడుగులుంటుంది సుమండీ. 'రోజా' (1992) పాటల్ని రాజశ్రీ తెలుగు చేస్తే అవి తెలుగు పాటలే అనుకుని పాడుకున్నాం కదూ? ఆ పని ఎంత కష్టమో తెలియాలంటే ఒక్క చరణం మీరు రాయబోయి చూడండి.

పాటకి గళ్ళుంటాయని నేనేదో పోలిక కోసం అనడం లేదు. దానికి సాక్షి మా ఇంట్లోనే కింద వాటాలో వున్నారు.

సత్యనారాయణపురంలో నేనద్దెకుండే మేడకి యజమాని బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాయన. నేను బాబాయిగారూ అంటాను. ఆయన నన్ను పేరుపెట్టి పిలిచేవారు, చివర్లో ఒక "ఏమోయ్" తగిలించి. ఆదివారం పేపరు రాగానే గళ్ళ పేజీ చింపి, చెవి మీద పెన్సిలుతో అరుగు మీద కూర్చునేవారు. పదింటికల్లా పూర్తి. నేను కట్టిన పజిలు వస్తే మాత్రం ఎనిమిదికే పూర్తి చేసి, మెట్ల కింద నిలబడి "ఏమోయ్, ఈసారి చప్పగా వుంది" అని కేకేసేవారు. నా జీవితంలో నాకున్న ఏకైక విమర్శకుడు ఆయన.

2022లో దసరా వెళ్ళాక ఒక తెల్లవారుజామున ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు కొన్నాళ్ళకి స్వాధీనంలోకొచ్చాయి. మాట రాలేదు. అంటే గొంతు పోలేదు, మతి పోలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. వస్తువు కళ్ళముందుంటుంది, దాని పేరు మాత్రం దొరకదు. "అదీ... అదీ..." అంటారు. మంచినీళ్ళకీ "అదీ"యే, కళ్ళజోడుకీ "అదీ"యే. దీన్ని డాక్టర్లు 'అఫేజియా' అంటారు. గ్రీకులో మాట లేకపోవడం అని. పేరు పుట్టుక తెలుసుకుని అంత బాధపడింది ఆ ఒక్కసారే. వేలమందిని "రైట్ రైట్" అంటూ ఊళ్ళు చేర్చిన మనిషి, నిమ్మకాయ పచ్చడి అడగలేక కంచం విసిరికొట్టారు ఒకరోజు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నారు.

మాట నేర్పడానికి వచ్చే అమ్మాయి ఒక చిట్కా చెప్పింది. పేరు మీరు చెప్పెయ్యకండి, మొదటి అక్షరం అందించండి, మిగతాది ఆయన్నే లాక్కోనివ్వండి అని. పిన్నిగారు పెద్దగా చదువుకోలేదు, ఏనాడూ గళ్ళ జోలికి పోలేదు. ఆవిడ ఇల్లంతా పజిలు చేసేశారు. "ఏమండీ, గంజి వార్చేటప్పుడు పట్టుకుంటాను చూడండి, మ... మసి..." అని ఆగుతారు. అవతల నిమిషం, రెండు నిమిషాలు. ఆవిడ చెయ్యి ఖాళీగా గాల్లో వుంటుంది, అన్నం మెత్తబడిపోతూ వుంటుంది. "గుడ్డ" అంటారాయన. అప్పుడు వార్చుతారు. నలభయ్యేళ్ళు బస్సుల్లో లక్షల టిక్కెట్లు చింపిన చేతులకి మాటల టిక్కెట్లు ఆవిడ ఒక్కొక్కటే చింపి ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కింద రేడియోలో 'మిస్సమ్మ' పాట వస్తోంది. ఎన్.టి.రామారావుకి ఎ.ఎం. రాజా పాడినది. నేను మెట్లు దిగుతున్నాను. ఇంకో గొంతు కూడా వినపడింది. బాబాయిగారు. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి, ఒక్క అక్షరం తప్పకుండా. పొద్దున "నీళ్ళు" అనలేకపోయిన మనిషి! పిన్నిగారు గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంటున్నారు. ఇదేదో మహిమ కాదని ఆ అమ్మాయే చెప్పింది. మాటకీ పాటకీ మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావట. మాట దారి మూసుకుపోయినవాళ్ళు కొందరు పాట దారిన నడిచిపోతారట. 1973లోనే అమెరికా డాక్టర్లు దీని మీద ఒక చికిత్స కూడా అల్లారు; చిన్న చిన్న మాటల్ని రాగంలో పెట్టి పాడించి, మెల్లిగా రాగం తీసేస్తారు. ట్యూనులో గళ్ళు గీసి వుంటాయి, మాట వెళ్ళి దాని గడిలో కూర్చుంటుంది. పింగళి నాగేంద్రరావు గారు పాటలు రాసిన చాలా ఏళ్ళ తర్వాత వాటికి ఇలాంటి ఉద్యోగం పడుతుందని ఆయన అనుకుని వుండరు.

ఆర్నెల్ల తర్వాత నేనొక పజిలు కట్టి కిందికి తీసుకెళ్ళాను, పత్రికకి కాదు, ఆయన కోసమే. పిన్నిగారు వద్దన్నారు. "రాకపోతే ఉక్రోషపడతారు నాయనా, మళ్ళీ అన్నం మానేస్తారు" అని. నిజమే, ఆవిడ భయం ఆవిడది. అయినా ఆయన చెయ్యి చాపారు. తొమ్మిదే మాటలు. మొదటి ఆధారం: 'ఎండకీ వానకీ తలమీద పట్టుకునేది (3)'. నేననుకున్నది గొడుగు. ఆయన చాలాసేపు చూశారు. పిన్నిగారు "గొ..." అని అందించబోతే చేత్తో వారించారు. ఫ్యాను తిరుగుతోంది. నేను గోడమీద క్యాలెండరు చదువుతున్నాను.

"తాటాకు" అన్నారు.

పిన్నిగారు నా మొహం చూశారు. నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. తా-టా-కు. మూడే! ఎండకి పట్టుకోరూ? వానకి పట్టుకోరూ? పల్లెటూళ్ళో గొడుగు కొనే స్తోమతు లేని ప్రతివాడూ పట్టుకున్నది అదే కదా. గొడుగుకోసం వెతికి తాటాకు దొరికిందో, తాటాకునే వెతికి పట్టారో నాకు తెలియదు, అడగలేదు. పెన్సిలుతో తాటాకు అని రాశాను. దాంతో నిలువు మాటలు రెండు పాడయ్యాయి. అక్కడికక్కడే చెరిపి వేరే మాటలతో మళ్ళీ కట్టాను. ఆయన అదంతా చూస్తూ కూర్చున్నారు, చాలా తృప్తిగా.

ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతారు. పేర్లు ఇంకా కష్టమే. నా పేరు ఇప్పటికీ రాదు. "పజిలూ" అని పిలుస్తారు. మొన్న ఆదివారం మెట్ల కింద నుంచి అదే పిలుపు వినపడితే వంగి చూశాను. పేపరు పైకెత్తి చూపించి, "చప్పగా" అన్నారు.

సరే, స్థలం అయిపోవచ్చింది. మీకు మూడు ఆధారాలిచ్చి సెలవు తీసుకుంటాను. పోస్టుకార్డు మీద రాసి పంపినా సరే, ఫోనులో పంపినా సరే. జవాబులు వచ్చేవారం.

అడ్డం: ఎటునుంచి చదివినా ఒకటే, కెమెరా ముందు నిలబెడితే మాత్రం మనిషికో తీరు (3).

నిలువు: పట్టేది ఒకే గడిలో, కొత్త సినిమా రోజున వీధి మలుపు దాకా (1).

అడ్డం: వెనక్కి తిరిగొచ్చిన టపాలో వినిపించేది (2).

తెనాలి చెల్లాయి మూడూ సరిగ్గా రాస్తే వచ్చేవారం గ్లామరున్న సంగతి ఒకటి రాస్తాను, మాట.